కొక్కెర తెగులు: ఓడెక్కి వచ్చిన రోగం, గడపదాకా రాని టీకా

ఈసారి వరి ముచ్చట కాదు, మిర్చి ముచ్చట కాదు. కోడి ముచ్చట. కొంచెం పొడుగు పోస్టు, తీరిక చేసుకొని చదవండి.

ఎండాకాలం మొదలైతే చాలు, సూర్యాపేట నుంచి కోదాడ దాకా, ఇటు మిర్యాలగూడ దిక్కు కూడా ఊరూరా ఒకటే మాట వినపడతది. "నిన్నటిదాకా మంచిగనే ఉండె, పొద్దున గంప లేపి చూస్తే తలకాయ వేలేసుకొని కూసుంది." మెడ చాచి, నోరు తెరిచి, గురగుర ఊపిరి పీలుస్తది. తెల్లగా, పచ్చగా నీళ్ళ రెట్ట వేస్తది. ఒక రెక్క జారుతది. రెండు మూడు రోజులకు మెడ వంకర తిరిగి, తల వీపు మీదికి పోతది. వారం తిరిగేసరికి గూడు ఖాళీ. పక్కింటి గూడు కూడా ఖాళీ. మనోళ్ళు దీన్ని కొక్కెర తెగులు అంటరు. పుస్తకాల్లో రాణిఖేత్ వ్యాధి అని రాస్తరు.

చాలామంది దీన్ని తాతల కాలం నుంచి ఉన్న పీడ అనుకుంటరు. "కోడి అన్నంక తెగులు రాదా" అని సరిపెట్టుకుంటరు. కానీ ఈ రోగాన్ని మనుషులు గుర్తుపట్టి పేరు పెట్టి ఇంకా నిండా వందేళ్ళే. దానికి మన దేశంలోనే టీకా తయారై ఎనభై ఏళ్ళ దాకా అయితంది. మరి ఎనభై ఏళ్ళ కింది టీకా ఉండగా మన వాకిట్ల కోళ్ళు ఇంకా ఎందుకు చస్తున్నయ్? ఈ చరిత్ర చూస్తే జవాబు దొరుకుతది. ఏ రోగం ఏదో గుర్తుపట్టే తెలివి కూడా అందులోనే ఉంది.

ముందు కోడి విలువ గురించి నాలుగు మాటలు. మిర్యాలగూడ నుంచి వాడపల్లి దాటి కృష్ణ మీద వంతెన ఎక్కితే అవతల పల్నాడే. కోడిపందెంతో రాజ్యాలు పోయిన కథ పుట్టింది అక్కడే. బ్రహ్మనాయుడు, నాగమ్మల కథ తెలియని మనిషి మన దిక్కున లేడు. ఆ పుంజుల గురించి కథలు కట్టిన్రు గానీ, గంప కింద పొదిగే పెట్ట గురించి ఎవరూ కట్టలేదు. ఇల్లు నడిచింది మాత్రం పెట్టతోనే. కోడి గుడ్ల పైసలు ఆడోళ్ళ పైసలు. వడ్ల పైసలు మగోని జేబులోకి, లేకుంటే షావుకారు పద్దులోకి పోతయ్. పెట్టను అమ్మితే వచ్చినవి మాత్రం అమ్మ కొంగుముడిలోనే ఉంటయ్. పిల్లల నోటుబుక్కులు, జ్వరం గోలీలు, చుట్టాలొస్తే కూర, అన్నీ అందులోంచే.

అందుకే దొరల కాలంలో కోడి మీద కూడా కన్ను పడింది. నిజాం రాజ్యంలో మన నల్లగొండ జిల్లా వెట్టికి పేరుమోసిన జాగ. గిర్దావరో, అమీనో ఊరికి వచ్చి మకాం వేసిండంటే కోడి, గుడ్లు, నెయ్యి ఊరోళ్ళే ఊరికే ఇచ్చుకోవాలె. ఎవరింట్ల మంచి పెట్ట ఉందో సుంకరికి ముందే తెలుసు. వెట్టి పోవాలని సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాల్లో జనం ఎదురు తిరిగినప్పుడు ఆ కోపంలో భూములతో పాటు ఇసుంటి చిన్న చిన్న దోపిళ్ళు కూడా ఉన్నయ్. దొర పట్టుకపోయిన కోడి ఒకటైతే, రోగం పట్టుకపోయింది గూడంత. దొర మీద కొట్లాడొచ్చు. రోగం మీద ఎట్ల కొట్లాడాల్నో ఆనాడు ఎవరికీ తెల్వదు.

కొక్కెర తెగులు బయటపడక ముందు కోళ్ళకు రోగాలు లేవా అంటే ఉండెను. రెండు పాతవి. ఒకటి మశూచి. జుట్టు మీద, కనురెప్పల మీద, ముక్కు పక్కన గోధుమ రంగు పొక్కులు లేచి చెక్కులు కడతయ్. మనోళ్ళు "అమ్మవారు పోసింది" అంటరు. ఇంకొకటి కోడి కలరా. ఇది మనిషి కలరా కాదు, పేరే గట్ల పడ్డది. ఈ కలరా చరిత్ర చాలా పెద్దది. 1879లో ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ ఈ కోడి కలరా సూక్ష్మజీవిని సీసాల్లో పెంచుతుండె. సెలవులకు పోయి వచ్చేసరికి ఆ సీసాలు పాతబడ్డయ్. ఆ పాత సరుకు ఎక్కించిన కోళ్ళు కొంచెం నలత పడి లేచినయ్ గానీ చావలేదు. తర్వాత బలమైన కొత్త సరుకు ఎక్కించినా వాటికి ఏమీ కాలేదు. ప్రయోగశాలలో రోగక్రిమి బలం తగ్గించి టీకా చేయొచ్చని లోకానికి తెలిసింది గిట్ల. 1880లో పాశ్చర్ ఈ సంగతి బయటపెట్టిండు. మన పిల్లలకు ఇప్పించే టీకాల కథలో మొదటి పాఠాలు చెప్పింది కోడే.

(ఇంకో చిత్రమైన ముచ్చట: ఆస్ట్రేలియాలో కుందేళ్ళ బెడద తగ్గించడానికి ఇదే కోడి కలరాను వదులుతామని 1888లో పాశ్చర్ తన మనుషుల్ని సిడ్నీకి పంపిండు. అక్కడి సర్కారు ఒప్పుకోలేదు. మంచి పని చేసింది.)

ఇప్పుడు అసలు రోగానికి వద్దాం.

1926లో జావా దీవిలో, అంటే ఇప్పటి ఇండోనేషియాలో, కోళ్ళు గుంపులు గుంపులుగా చచ్చినయ్. క్రానెవెల్డ్ అనే డచ్చి పశువైద్యుడు దాన్ని రాసిపెట్టిండు. అదే ఏడు ఇంగ్లండులో న్యూకాసిల్ అనే రేవు పట్నం దగ్గర కోళ్ళు అదే తీరుగ చచ్చినయ్. డాయిల్ అనే ఆయన దాన్ని పరిశీలించి, ఇది ఇంతవరకు ఎవరూ చెప్పని కొత్త రోగమని 1927లో రాసిండు. ఏ పేరు పెట్టాలో తోచక, అప్పటికప్పుడు ఊరి పేరే పెట్టిండు. అదే నిలిచిపోయి ప్రపంచమంతా ఇప్పటికీ న్యూకాసిల్ వ్యాధి అంటది. తూర్పు దేశాల నుంచి ఓడల్లో వచ్చి ఉంటదని అప్పుడే అనుమానించిన్రు. ఆ వెంటనే మన దేశంలో హిమాలయాల కింద కుమావూ కొండల్లో, ఇంగ్లీషోళ్ళ దండు ఉన్న రాణిఖేత్‌లో బయటపడ్డది. 1928లో ముక్తేశ్వర్ పరిశోధనాలయం డైరెక్టరు ఎడ్వర్డ్స్ ఈ కొత్త కోడి రోగం గురించి రాసిన్రు. మన దగ్గర ఆ ఊరి పేరే రోగానికి అంటుకుంది.

జావా ఏడ, ఇంగ్లండు ఏడ, రాణిఖేత్ ఏడ! రోగం తనంతట తాను అంత దూరం నడవదు. దాన్ని తీసుకొచ్చింది ఓడ, రైలు, బండి, అంగడి. ఇది గుర్తు పెట్టుకోండి, మన ఊరి లెక్క కూడా ఇదే.

ఇక్కడ డాక్టర్లను చాలా కాలం తికమక పెట్టిన సంగతి ఒకటుంది. అప్పటికే కోళ్ళకు "ప్లేగు" అని ఒక రోగం తెలుసు. ఇటలీలో పెరొంచితో 1878లో దాన్ని వర్ణించిండు. అది కూడా గూడుకు గూడు ఖాళీ చేసేదే. కొత్త రోగం చూడ్డానికి అట్లనే ఉండేసరికి దీన్ని "నకిలీ కోడి ప్లేగు" అని కూడా పిలిచిన్రు. 1955లో గానీ ఆ పాత ప్లేగు అసలు ఫ్లూ జాతి వైరస్ అని షేఫర్ అనే జర్మనీ శాస్త్రవేత్త తేల్చలేదు. అంటే ఆ పాత కోడి ప్లేగే ఇప్పుడు మనం భయపడే బర్డ్ ఫ్లూ. కొక్కెర తెగులు వేరు, బర్డ్ ఫ్లూ వేరు. కానీ కంటితో చూసి రెండింటినీ వేరు చేయడం డెబ్బై ఏళ్ళ కింద పెద్ద పెద్దోళ్ళకే కాలేదు, మనకు ఇప్పుడూ కాదు. దీని సంగతి మళ్ళీ కింద చెప్తా.

ముక్తేశ్వర్ అంటే నైనితాల్ దిక్కు, ఏడు వేల అడుగుల ఎత్తున్న కొండ ఊరు. పశువుల రోగాల మీద పని చేయడానికి 1889లో పుణెలో మొదలైన ప్రయోగశాలను 1893లో అక్కడికి మార్చిన్రు. చుట్టూ అడవి, చలి, మనుషులు తక్కువ. రోగక్రిములు జారిపోయినా ఊళ్ళమీద పడవని. ఆ కాలంలో సర్కారు యావంతా గొడ్ల మీదనే. పెద్దరోగం వచ్చి ఎద్దులు చస్తే సేద్యం ఆగుతది, పన్ను ఆగుతది, దండు బండ్లు ఆగుతయ్. కోడి చస్తే ఏ ఖజానాకూ లోటు లేదు. అయినా అక్కడివాళ్ళు కోడి రోగం మీద కూడా కూసున్నరు. రోగక్రిమిని గుడ్లలో పిండం మీద మళ్ళీ మళ్ళీ పెంచి, బలం తగ్గించిన్రు. 1940లలో హాడో, ఇద్నానీ అనే ఇద్దరి పనితో ముక్తేశ్వర్ టీకా తయారైంది. ఇప్పుడు పశువుల దవాఖానల్లో ఆర్‌టూబీ అని అడిగితే ఇచ్చేది ఆ వంశపుదే. మన కొండల్లో పుట్టిన టీకా.

ఈ ముక్తేశ్వర్ టీకా కొంచెం కారంగా ఉంటది. చిన్న పిల్లలకు వేస్తే తట్టుకోవు. ఎనిమిది వారాలు దాటిన కోడికే సూది. పిల్లలకు మెత్తటి టీకా కావాలె. అది అమెరికా నుంచి వచ్చింది. 1946లో న్యూజెర్సీ రాష్ట్రంలో లసోటా అనే రైతు ఫారం కోళ్ళలో ఒక మెత్తటి రకం వైరస్ దొరికింది. దాంతోటి చేసిన టీకాకు ఆ ఫారం పేరే వచ్చింది. శాస్త్రవేత్తల పేర్లు ఎన్నో మరుగున పడ్డయ్ గానీ, ఒక కోళ్ళ రైతు ఇంటిపేరు మాత్రం ఇప్పటికీ దేశదేశాల సీసాల మీద ఉంది. నాకైతే ఈ సంగతి చాలా నచ్చింది.

అంటే 1950ల నాటికే పిల్లలకు చుక్క మందు, పెద్దకోళ్ళకు సూది, రెండూ చేతికి వచ్చినయ్. ఇక రోగం ఆట కట్టాలె కదా? కట్టింది, కానీ ఫారాల్లో. 1970ల నుంచి హైదరాబాదు చుట్టూ, ఆ తర్వాత మన హైవే పొడుగూతా లేయర్, బ్రాయిలర్ ఫారాలు లేచినయ్. పదివేల కోళ్ళున్నోళ్ళకు వెయ్యి మోతాదుల సీసా ఒక లెక్క కాదు. ఫ్రిజ్ ఉంటది, డాక్టరు ఉంటడు, తాగే నీళ్ళలోనే టీకా కలుపుతరు. ఒక్క కోడి చచ్చినా పద్దు రాస్తరు.

మన అమ్మలకు ఉన్నవి ఎనిమిది పెట్టలు, ఒక పుంజు, పదిహేను పిల్లలు. సీసా చూస్తే నూరు మోతాదులు, రెండు వందల మోతాదులు. మూత తీసి కలిపినంక ఒకటి రెండు గంటల్లో వాడెయ్యాలె. ఐసులో పెట్టి తేవాలె. ఏప్రిల్ ఎండలో మునగాల నుంచో, దామరచర్ల నుంచో బస్సు కోసం గంట నిలబడితే సంచిలో టీకా ఉడికిపోతది. వేసినా నీళ్ళు వేసినట్టే. తర్వాత రోగం వస్తే "టీకా పనిచెయ్యది" అని పేరు. టీకా తప్పు కాదు, అది వచ్చిన తొవ్వ తప్పు. 2019 పశుగణన చూస్తే దేశంలో మొత్తం కోళ్ళు 85 కోట్ల పైన, అందులో 31 కోట్ల 70 లక్షలు పెరటి కోళ్ళు. అంటే మూడోవంతు కన్నా ఎక్కువ. ఇన్ని కోళ్ళను లెక్కలో పెట్టుకొని సీసా చేసినోళ్ళు తక్కువ.

అస్సలు లేరని కాదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ స్ప్రాడ్‌బ్రో అనే ఆయన దీని మీదే ఏండ్లకేండ్లు పని చేసిండు. ఆస్ట్రేలియా కోళ్ళలో 1966లో దొరికిన వి-4 అనే రకం వైరస్‌కు రోగం తెచ్చే గుణం లేదు. దాంట్లోంచి వేడిని తట్టుకునే రకాన్ని వేరు చేసి, గింజలకు పట్టించి కోళ్ళకు మేతలా వేసి చూసిన్రు. 1980లలో మలేషియాలో ఈ ప్రయోగాలు జరిగినయ్. తర్వాత ఐ-2 అనే ఇంకో రకాన్ని తయారుచేసి, పేద దేశాలు ఎవరైనా సొంతంగా చేసుకొమ్మని ఇచ్చిన్రు. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఆడవాళ్ళు దాన్ని కంట్లో చుక్కగా వేసుకుంటున్నరు. మన తెలుగు నేల మీద కూడా తూర్పుగోదావరి మన్యంలో అంత్ర అనే సంస్థ వాళ్ళు ఆదివాసీ ఆడవాళ్ళకే కోళ్ళ టీకాలు వేయడం నేర్పి, ఊళ్ళలో అసీల్ జాతిని నిలబెట్టే పని చేసిన్రు. కోడిని "వాటా"కు ఇచ్చి, పిల్లల్ని పంచుకునే పాత పద్ధతినే ఆసరా చేసుకున్నరు. ఆ వాటా పద్ధతి మన దిక్కున కూడా ఉన్నదే, "పాలుకు ఇచ్చుడు" అంటం.

ఇప్పుడు కోదాడ సంగతి. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్ర నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ మొదటిసారి మన దేశంలో బయటపడ్డది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది. అప్పుడు తెలంగాణ సర్కారు సరిహద్దులో చెక్‌పోస్టులు పెట్టి ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ళ బండ్లను వెనక్కి పంపింది. మన కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్డు కాడ లారీలు ఆగినయ్. బండిలో పోయే రోగాన్ని బండి కాడనే ఆపాలె, న్యాయమే. కానీ మన ఊళ్ళో మనం చేసే పని చూడండి. పక్కింట్ల కోడి తూగుతుందని తెలవంగనే, ఉన్న నాలుగు మంచి కోళ్ళను కాళ్ళు కట్టి అంగడికి తీసుకపోతం. చూడ్డానికి మంచిగనే ఉంటయ్. రోగం లోపల దాదాపు వారం రోజులు దాగి ఉండగలదు. కొన్నోడు ఆనందంగా తన గూట్ల కలుపుకుంటడు. పది రోజులకు ఆ ఊరు కూడా ఖాళీ. ఆ రేవుల కాడ జరిగింది ఇదే, మన వారం అంగడిలో జరిగేదీ ఇదే. ఆ అంగడికి చెక్‌పోస్టు ఎవరూ పెట్టరు.

ఇక కోడి నలతగా ఉంటే ఏం చూడాల్నో చెప్తా. నేను డాక్టరును కాదు, ఇది గుర్తుపట్టడానికి మాత్రమే.

ముందు ఎన్ని కోళ్ళకు, ఎంత తొందరగా వచ్చిందో చూడండి. ఒక్క కోడి బక్కగయ్యి, రొమ్ము ఎముక తేలి, తింటనే ఉంటే నట్టలో, పేలో అయి ఉంటది. రెక్క కింద, తోక కింద ఈకలు విప్పి చూడండి. నట్టల మందు పోస్తే కోలుకుంటది. మూడు వారాల నుంచి రెండు నెలల లోపు పిల్లలు ముడుచుకొని, రెట్టలో నెత్తురు పడితే అది రక్తపారుడు, తడి చెత్త వల్ల వస్తది. దానికి మందు ఉంది, తొందరగా పోతే బతుకుతయ్. జుట్టు మీద, కళ్ళ మీద పొక్కులుంటే మశూచి. వేపాకు, పసుపు నూరి పూస్తే పుండ్లు చీము పట్టకుండ ఉంటయ్. కండ్లు మూసుకపోయిన కోడికి చేత్తో తినిపించాలె, లేకుంటే రోగంతో కాదు, ఆకలితో చస్తది. పెద్దకోళ్ళు ఉన్నట్టుండి పడిపోయి, ముక్కు కింద వేలాడే ఎర్ర తోలు వాచి నల్లబడితే కలరా అనుమానం. అది పాశ్చర్ నాటి పాత శత్రువు. డాక్టరు ఇచ్చే యాంటీబయాటిక్‌కు లొంగుతది.

చిన్నా పెద్దా తేడా లేకుండా అన్నీ గురక, పచ్చ రెట్ట, మెడ తిరుగుడు అయితే కొక్కెర తెగులు. దీనికి మందు లేదు. టెట్రాసైక్లిన్ గోలీ నీళ్ళల్ల కలిపితే తగ్గిందని చెప్పేటోళ్ళు చాలామంది ఉంటరు. వైరస్‌కు ఆ గోలీ పనిచెయ్యది. వెల్లుల్లి, మిరియాలు కూడా దాన్ని చంపవు. బతికే కోడి బతకడానికి మనం చేసేది సేవ మాత్రమే. నలత కోడిని వేరుగా నీడలో, గాలి తగిలే చోట గంప కింద పెట్టండి. చిటికెడు ఉప్పు, బెల్లం కలిపిన నీళ్ళు చెంచాతో మెల్లగా, ముక్కుల్లోకి పోకుండా తాగించండి. మెత్తగా ఉడికిన నూకలు పెట్టండి. మెడ తిరిగిన కోడి గింజను కొట్టలేదు, చేత్తో పెట్టాలె. మంచి కోళ్ళ పని అయినంకనే నలత కోడి దగ్గరికి పోండి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఈ వైరస్ మనిషి కంట్లో పడితే కన్ను ఎర్రబడి నాలుగు రోజులు కారుతది. 1943లోనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బర్నెట్ దీన్ని రాసిండు. అంతకన్నా పెద్ద భయం లేదు.

కానీ ఒక్కరోజులోనే పదుల కోళ్ళు పడిపోయి, మొఖం వాచి, జుట్టు నీలంగా, కాళ్ళ మీద ఎర్రటి మచ్చలు ఉంటే, అది కొక్కెరో బర్డ్ ఫ్లూనో మీరు తేల్చొద్దు. ముట్టుకోకండి, కొయ్యకండి, "పోయేదే కదా, కూరొండుకుందాం" అని అనకండి. వెంటనే పశువుల దవాఖానకు చెప్పండి. నమూనా పరీక్షకు పోవాలె. చచ్చిన కోడి ఏదైనా సరే మూసీలో, సాగర్ కాల్వలో పారెయ్యకుండా లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి. కాల్వ నీళ్ళు కింది ఊరోళ్ళ కోళ్ళు కూడా తాగుతయ్.

టీకా లెక్క ఇది. పిల్ల పుట్టిన వారంలోపు లసోటా లేదా ఎఫ్-1, కంట్లో ఒక చుక్క. నాలుగో వారం మళ్ళీ లసోటా. ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ, రెక్క కింద తోలులోకి అర మిల్లీలీటరు. దానికి వారం పది రోజుల ముందు నట్టల మందు. తర్వాత ఆరు నెలలకోసారి. నలత ఉన్న కోడికి టీకా వెయ్యొద్దు. రోగం వచ్చినంక పరుగెత్తితే లాభం లేదు, సంక్రాంతి పోయి ఎండ ముదరక ముందే, అంటే ఫిబ్రవరిలోనే అయిపోవాలె. నూరు మోతాదుల సీసాకు నూరు కోళ్ళు కావాలె గనుక, వాడకట్టులో పది పన్నెండు ఇండ్లు కలవాలె. డ్వాక్రా సంఘం మీటింగు ఉన్న రోజు మంచిది, అందరూ ఉంటరు. ముందురోజే పశువుల దవాఖానలో కోళ్ళ లెక్క చెప్పి పెట్టాలె. పొద్దున్నే ఒక్కరు ఐసు వేసిన చాయ్ ఫ్లాస్కుతో పోయి సీసా తెస్తే, తొమ్మిది కొట్టేలోపు పని ముగుస్తది. పొద్దుగాల గంప లేపక ముందు కోళ్ళన్నీ చేతికి దొరుకుతయ్, ఒకసారి లేపినంక ఏ పెట్ట ఏ గడ్డివాములో ఉందో వెతుక్కోవాల్సిందే.